అరికాలి మెలనోమా గజ్జల గ్రంథులకు పాకిందో లేదో తెలుసుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. కాలి మీది నల్లమచ్చనో మానని పుండునో తీసి పరీక్షకు పంపితే మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) అని రిపోర్టు వచ్చింది, ఇప్పుడు గజ్జల్లో బిళ్ళ తగులుతోంది, లేదా ఏమీ తగలడం లేదు గాని భయంగా ఉంది. అది అక్కడికి పాకిందో లేదో ఎలా తెలుస్తుంది, ముందు ఏ పరీక్ష చేయించాలి అని అడుగుతున్నారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితం. మెలనోమా ఎందుకు వస్తుంది, మందులు ఎలా పనిచేస్తాయి అన్న విషయాల జోలికి అవసరమైనంత వరకే వెళ్తాను.

మన దేశంలో మెలనోమా అరుదైన క్యాన్సరే. కాని మన చర్మపు రంగు ఉన్నవారిలో అది వచ్చినప్పుడు అరికాలు, మడమ, కాలి వేళ్ళు, గోరు అడుగు, అరచేయి వంటి చోట్ల కనిపించడం ఎక్కువ. ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకున్న గాయం అనో, గోరుచుట్టు అనో నెలల తరబడి వదిలేయడం వల్ల ఆలస్యంగా బయటపడుతుంది. అక్కడి నుంచి కణాలు మొదట వెళ్ళేది చాలావరకు లింఫ్ (ఒంట్లోని కణాల మధ్య నుంచి గ్రంథులకు చేరే పలుచని ద్రవం) నాళాల దారిలోనే కాబట్టి, ఆ దారిలో ఎదురయ్యే మొదటి గ్రంథులను సరైన వరుసలో పరీక్షించడమే మన పని. వరుస అన్న మాటను మనసులో ఉంచుకోండి. పరీక్షలన్నీ చేయించుకుని కూడా వరుస తప్పినందువల్ల నష్టపోయినవారు ఉన్నారు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

మొదటి బయాప్సీ రిపోర్టు అసలు కాగితం, దాని నకళ్ళు రెండు. ఆ ముక్కను మైనంలో నిలవ చేసిన బ్లాకులు, గాజు స్లైడ్లు. మచ్చ తీయకముందు ఫోన్లో తీసిన ఫొటో ఏదైనా ఉంటే అది. ఇప్పటివరకు జరిగిన ఆపరేషన్ల డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ ఫిల్ములు, సీడీలు. ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీ, పడని మందుల వివరం. ఒక నోటుపుస్తకం, చిన్న స్కేలు. ఆధార్, ఆరోగ్య పథకం కార్డు.

వీటిలో బ్లాకుల సంగతి చాలామందికి తెలియదు. చిన్న ఊళ్ళలో తీసిన ముక్క ఏ ల్యాబుకు వెళ్ళిందో కూడా కుటుంబానికి చెప్పరు. రిపోర్టు పైభాగంలో ల్యాబు పేరు, నమూనా సంఖ్య ఉంటాయి. వాటిని చూపించి బ్లాకులు, స్లైడ్లు కావాలని రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. పెద్ద ఆసుపత్రిలో వాటిని మళ్ళీ చూస్తే కొన్నిసార్లు నిర్ణయమే మారుతుంది. వేసవిలో ప్రయాణం చేసేటప్పుడు బ్లాకులను ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచకండి, మైనం కరుగుతుంది.

1. మొదటి రిపోర్టులో మందం ఎంతో చూడండి

"మెలనోమా" అన్న ఒక్క మాటతో రిపోర్టు ముగిస్తే అది అసంపూర్ణం. అందులో రెండు విషయాలు తప్పకుండా ఉండాలి. ఒకటి, బ్రెస్లో మందం, అంటే గడ్డ చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో చెప్పే కొలత. అమెరికా పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో ప్రతిపాదించిన ఈ కొలతే ఇప్పటికీ తరువాతి నిర్ణయాలన్నింటికీ ఆధారం. రెండు, పైన చర్మం పుండు పడిందా లేదా. వీటితో పాటు కణ విభజన సంఖ్య, అంచుల్లో గడ్డ మిగిలిందా లేదా అన్నది, చుట్టుపక్కల మెలనోమా కణాల చిన్న చిన్న గుంపులు కనిపించాయా అన్నది రాస్తే ఇంకా మంచిది.

ఇవి లేకపోతే కొత్త పరీక్ష అక్కర్లేదు. పాత స్లైడ్లనే మరో పాథాలజిస్టు చూసి చెప్పగలరు. అయితే మచ్చను పైపైన గీకి పంపినా, కరెంటుతో కాల్చినా, నల్లజీడి రసం వంటివి పెట్టి ఊడదీసినా మందం తెలుసుకునే అవకాశమే పోతుంది. ఇంకా బయాప్సీ కాని మచ్చ ఇంట్లో ఎవరికైనా ఉంటే దయచేసి ఆర్.ఎం.పి. దగ్గర కోయించకండి, దారంతోనో వెంట్రుకతోనో కట్టి రాలగొట్టకండి. చిన్న మచ్చయితే చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల అంచుతో పూర్తిగా తీయాలి. అరికాలిలో వెడల్పాటి మచ్చయితే ఎక్కువ మందంగా కనిపించిన చోట లోతుగా ఒక ముక్క తీయాలి. ఏ విధంగా తీసినా చర్మవైద్యుడో శస్త్రవైద్యుడో చేయవలసిన పని అది.

2. రెండో పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోకముందు ఒక ప్రశ్న అడగండి

ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మెలనోమా అని తేలాక చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వెడల్పున తీసివేసే రెండో ఆపరేషన్ ఉంటుంది. అరికాలిలో అయితే ఆ చోట తొడ చర్మం తెచ్చి అతికించవలసి వస్తుంది. ఈ ఆపరేషన్ ముందే జరిగిపోతే అక్కడి లింఫ్ నాళాలు తెగిపోయి, తరువాత ఏ గ్రంథి మొదటిదో గుర్తించడం కష్టమవుతుంది, గుర్తించినా దాని మీద నమ్మకం తగ్గుతుంది. ఆ మొదటి గ్రంథిని తీసి చూడటమే సెంటినెల్ గ్రంథి పరీక్ష.

అందువల్ల ఆపరేషన్ తేదీ ఇచ్చిన వైద్యుణ్ణి మర్యాదగానే, కాని స్పష్టంగా ఇలా అడగండి: "మందం ఇంత ఉంది కదా డాక్టరు గారూ, సెంటినెల్ గ్రంథి పరీక్ష మాకు అవసరమా? అవసరమైతే అది ఈ ఆపరేషన్‌తో పాటే చేస్తారా?" అక్కడ ఆ సదుపాయం లేదన్న సమాధానం వస్తే, ఆపరేషన్ చేయించుకోకుండానే పెద్ద కేంద్రానికి రాసి ఇమ్మని కోరండి. అందుకోసం రెండు మూడు వారాలు పట్టినా ఫరవాలేదు. నెలలు గడపడం మాత్రం కూడదు.

ఇప్పటికే వెడల్పుగా తీయించుకున్నవారు ఆశ వదులుకోవద్దు. చర్మం తిప్పి కుట్టకుండా కేవలం అంచులు కలిపి కుట్టిన చోట్ల పరీక్ష ఇంకా చేయగలిగిన సందర్భాలు ఉన్నాయి. వీలుకానప్పుడు అల్ట్రాసౌండ్‌తో క్రమం తప్పకుండా గమనించడం ప్రత్యామ్నాయం.

3. ఏ గ్రంథులను చూడాలో తెలుసుకోండి

అరికాలు, కాలి వేళ్ళ నుంచి దారి గజ్జలకు వెళ్తుంది. మడమ, పాదం బయటి అంచు అయితే మోకాలి వెనుక గుంటలో ఉన్న గ్రంథులను కూడా చూడాలి. వీటిని మరిచిపోవడం తరచుగా జరుగుతుంది. చేతికి వచ్చినవారు మోచేయి లోపలి వైపు ఎముకకు కాస్త పైన, తరువాత చంకలో చూడాలి. ముఖం, తల అయితే చెవి ముందు, దవడ కింద, మెడ పక్కల, మెడ ఎముకపైన. వీపు, పొట్ట మీది మచ్చలకు దారి ముందే చెప్పడం కష్టం, రెండు చంకలు, రెండు గజ్జలు అన్నీ చూడవలసిందే.

4. చేత్తో పరీక్షించుకోవడం

నెలకు ఒకసారి, స్నానం తరువాత, తొందర లేని సమయం ఎంచుకోండి. రోజూ చేయకండి, రోజూ నొక్కితే ఆ చోట నొప్పి పుట్టి, వాచి, లేనిపోని భయం కలుగుతుంది.

గజ్జలకు: వెల్లకిలా పడుకుని, మోకాలు కొంచెం మడిచి, తొడ వదులుగా ఉంచండి. మూడు వేళ్ళ మెత్తని భాగం ఆనించి, తొడ మడత కింద, నడుము ముందు ఎముక నుంచి లోపలి వైపుకు చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు కదపండి. తరువాత తొడ లోపలి పైభాగంలో నాలుగు వేళ్ళ మేర కిందికి రండి. వేలి కొనతో పొడిస్తే ఏమీ తెలియదు. మోకాలి వెనుకకు: కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి, రెండు చేతుల వేళ్ళు గుంటలోకి పోనివ్వండి. చంకకు: చేతిని బల్ల మీద వదులుగా ఆనించి, రెండో చేతి వేళ్ళను చంక పైదాకా తీసుకువెళ్ళి, పక్కటెముకలకు ఆనిస్తూ కిందికి జార్చండి, చేయి పైకెత్తితే కండరం బిగిసి గ్రంథి దొరకదు.

రెండో వైపు కూడా అలాగే చూసి పోల్చుకోండి. ఆ తరువాత మచ్చ తీసిన గాటు నుంచి గజ్జల దాకా కాలి చర్మమంతా వెలుతురులో చూడండి, చేత్తో తడమండి. దారి మధ్యలో చర్మంలోనో చర్మం కిందనో గింజంత గడ్డలు నల్లగా, నీలంగా, ఒక్కోసారి మామూలు చర్మపు రంగులోనే తేలవచ్చు. వాటికీ గ్రంథికి ఉన్నంత ప్రాముఖ్యం ఉంది. పాదం వెనుక భాగాలు మీకు కనిపించవు కాబట్టి ఇంట్లోవారి సాయం తీసుకోండి.

ఏమి తగిలినా నోటుపుస్తకంలో తేదీ, చోటు, సుమారు పరిమాణం, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, వేళ్ళ కింద కదులుతోందా, నొప్పి ఉందా అని రాయండి.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి వివరంగా చెప్పాలి. పొలంలో, అడవిలో చెప్పులు లేకుండా నడిచేవారి గజ్జల్లో ఒక సెంటీమీటరు లోపు మెత్తని, కదిలే బిళ్ళలు ఉండటం మామూలే. పాదాల పగుళ్ళు, పుండ్లు, వేళ్ళ మధ్య ఒరుపులు అందుకు కారణం. గంజాం వైపు, శ్రీకాకుళం తీరం వైపు బోదకాలు ఎంతోకాలంగా ఉన్న జబ్బు. దానివల్ల కూడా గజ్జల్లో బిళ్ళలు కట్టి జ్వరం వస్తుంది. క్షయ ఎక్కువగా మెడలోని గ్రంథులను వాపజేస్తుంది, గజ్జలనూ విడిచిపెట్టదు. చేతికి టీకా వేయించుకున్న కొన్ని రోజులకు చంకలో బిళ్ళ రావడమూ ఉంది. కాబట్టి బిళ్ళ తగలగానే క్యాన్సర్ పాకిందని అనుకోనవసరం లేదు.

అయితే ఇదే కారణం చెప్పి ఊరుకోవడం అంతకంటే పెద్ద తప్పు. మెలనోమా ఉన్న మనిషికి అదే వైపు గజ్జల్లో కొత్తగా బిళ్ళ వస్తే, అది పుండు వల్లనే అని మీరు గాని, మందుల షాపువారు గాని తీర్మానించకూడదు. గట్టిగా, గుండ్రంగా, నొప్పి లేకుండా, నెలనెలా పెరుగుతూ ఉంటే అనుమానం ఎక్కువ. నొప్పి ఉన్నంత మాత్రాన అనుమానం పోదు. వారంలోగా వైద్యునికి చూపించండి. ఒక కోర్సు తరువాత మరో కోర్సు యాంటీబయాటిక్స్ వాడుతూ రెండు నెలలు గడపడం, సూది పరీక్ష లేకుండానే క్షయ మందులు మొదలుపెట్టడం, ఈ రెండింటికీ ఒప్పుకోకండి.

తరచుగా పొరబడే చోట్లు కూడా తెలుసుకోండి. తొడ మడత మధ్యలో కొట్టుకుంటూ తగిలేది రక్తనాళం. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే తగ్గేది హెర్నియా కావచ్చు. దవడ కింద రెండు వైపులా సమానంగా మెత్తగా తగిలేవి లాలాజల గ్రంథులు.

బిళ్ళ మీద వేడి కాపడం, పసరు కట్లు, గట్టి మర్దన వద్దు.

5. బిళ్ళ తగిలితే: ముందు అల్ట్రాసౌండ్, వెంటనే సూది పరీక్ష

అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఎక్కడైనా దొరుకుతుంది, ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. కాని చీటీ మీద "కాలు వాపు" అని మాత్రమే రాసి పంపితే స్కానింగ్ చేసేవారు రక్తనాళాలు చూసి పంపేస్తారు. "కుడి అరికాలి మెలనోమా, కుడి గజ్జలు, మోకాలి వెనుక లింఫ్ గ్రంథులు చూడాలి" అని స్పష్టంగా రాయించండి.

రిపోర్టులో పరిమాణం ఒక్కటే చూసుకోకండి. మామూలు గ్రంథి చిక్కుడు గింజలాగా కోలగా ఉండి, మధ్యలో తెల్లని కొవ్వు భాగం కనిపిస్తుంది. ఆ మధ్యభాగం చెరిగిపోవడం, ఆకారం గుండ్రంగా మారడం, అంచు ఒక పక్క మందంగా ఉబ్బడం, రక్తప్రసరణ మధ్య నుంచి కాక అంచుల నుంచి రావడం, ఇవి అనుమానించవలసిన గుర్తులు. అరసెంటీమీటరు గ్రంథిలో ఇవి ఉంటే అది, రెండు సెంటీమీటర్ల మామూలు గ్రంథి కంటే ముఖ్యమైనది.

అనుమానం ఉన్న గ్రంథి నుంచి స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో కణాలు తీస్తారు. వీలైతే కొంచెం లావు సూదితో సన్నని ముక్కే తీస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ చెదిరి పాకుతుందన్న భయంతో ఈ పరీక్షకు నిరాకరించేవారు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. ప్రపంచమంతటా మొదట చేసే పరీక్ష ఇదే. చేయకూడనిది మరొకటి: సూది పరీక్ష లేకుండా గజ్జల్లో గాటు పెట్టి ఆ ఒక్క బిళ్ళను కోసి తీయడం. దానివల్ల తరువాత చేయవలసిన అసలు ఆపరేషన్ చెడుతుంది.

ఫలితాన్ని ఇలా సరిచూసుకోండి. "మెలనోమా కణాలు ఉన్నాయి" అంటే విషయం తేలినట్టే. "కణాలు చాలినన్ని రాలేదు" అంటే పరీక్ష జరగనట్టే లెక్క, మళ్ళీ చేయించాలి. "లింఫ్ గ్రంథి కణాలు మాత్రమే, చెడు కణాలు లేవు" అని వచ్చినా, స్కానింగ్‌లో గ్రంథి అనుమానంగానే ఉంటే అంతటితో ఆగకుండా లావు సూదితో మళ్ళీ తీయించమని అడగండి. సూది గ్రంథిలో మంచి భాగానికి తగిలి ఉండవచ్చు. "గ్రాన్యులోమా" (క్షయ వంటి జబ్బుల్లో కనిపించే వాపు కణాల ముద్ద) అని వస్తే క్షయ వైపు పరీక్షలు చేస్తారు, కాని ఒకే మనిషికి క్షయ, మెలనోమా రెండూ ఉండకూడదన్న నియమం లేదు గనుక ఆ గ్రంథి తగ్గేదాకా గమనిస్తూనే ఉండాలి.

సూది పరీక్షలో మెలనోమా అని తేలినవారికి సెంటినెల్ పరీక్ష అవసరం లేదు. నేరుగా 8వ అంశానికి వెళ్ళండి. ఇలాంటివారిలో గ్రంథుల ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీద ఒంటి రోగనిరోధక శక్తిని రేపే మందులు) మొదలుపెట్టడం మేలని 2023, 2024లలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేలోగా క్యాన్సర్ మందుల వైద్యుని అభిప్రాయం కూడా తీసుకోండి.

6. ఏమీ తగలకపోతే: మందాన్ని బట్టి సెంటినెల్ పరీక్ష

చేతికి తగలలేదు, స్కానింగ్‌లో కనబడలేదు అంటే పాకలేదని అర్థం కాదు. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న కణాల గుంపు ఏ స్కానింగ్‌కూ అందదు. దానికోసమే సెంటినెల్ గ్రంథి పరీక్ష. గడ్డ నుంచి లింఫ్ ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే గుర్తించి తీసి, మైక్రోస్కోపు కింద చూడటం దీని పద్ధతి. డోనాల్డ్ మోర్టన్ బృందం మెలనోమాలో ఈ పద్ధతిని 1992లో ప్రకటించింది.

మందం 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి పుండు పడకపోతే సాధారణంగా ఈ పరీక్ష అవసరం రాదు. 0.8 నుంచి 1 మి.మీ. వరకు ఉన్నా, అంతకంటే తక్కువే అయినా పుండు పడి ఉన్నా, లాభనష్టాలు వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. 1 మి.మీ. దాటితే చేయించుకోమని సలహా ఇస్తారు. 4 మి.మీ. దాటిన మందపు గడ్డల్లో కూడా తరువాతి మందుల నిర్ణయానికి ఇది పనికివస్తుంది. మన దగ్గర అరికాలి గడ్డలు ఆలస్యంగా బయటపడటం వల్ల ఎక్కువమంది 1 మి.మీ. దాటినవారే అయి ఉంటారు.

ఎక్కడికి వెళ్ళాలన్నది రాయగడ, కొరాపుట్ వైపు వారికి నిజమైన ఇబ్బంది. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల మొదటి పరీక్షలకు దగ్గరవి. క్యాన్సర్ కేంద్రాలంటే కటక్‌లో ఆచార్య హరిహర సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, ఇటు విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళదలచినా బయలుదేరే ముందు ఫోన్ చేసి, న్యూక్లియర్ మెడిసిన్ (రేడియోధార్మిక మందులతో పరీక్షలు చేసే) విభాగం, గామా ప్రోబ్ (ఆ మందు చేరిన చోటును శబ్దంతో పట్టిచ్చే పరికరం) ఉన్నాయా, మెలనోమాకు సెంటినెల్ పరీక్ష చేస్తారా అని అడిగి తెలుసుకోండి. ఒడిశా నివాసులకు ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఇతర రాష్ట్రంలోని అనుబంధ ఆసుపత్రిలోనూ చెల్లుతుంది గనుక, కార్డు నంబరు చెప్పి ముందే కనుక్కోండి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగులకు, తోడు వెళ్ళే ఒకరికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. నిర్ణీత ఫారం మీద ఆసుపత్రి వైద్యుని సంతకం కావాలి.

7. సెంటినెల్ పరీక్ష రోజున

ఆపరేషన్ రోజు ఉదయం గాని, ముందురోజు గాని, పాత గాటు చుట్టూ చర్మంలో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందును సన్నని సూదితో ఎక్కిస్తారు. అరికాలిలో ఇది బాగా చురుక్కుమంటుంది; ముందే తెలుసుకుని మనసు సిద్ధం చేసుకోవడం మంచిది. తరువాత కెమెరా కింద పడుకోబెట్టి ఏ గ్రంథికి చేరిందో బొమ్మ తీస్తారు. చిత్రంలో గజ్జలు ఒక్కటే కాక మోకాలి వెనుక కూడా చుక్క కనిపిస్తే రెండు చోట్లా గ్రంథులు తీయాలి; ఈ సంగతి రిపోర్టులో చదివి, ఆపరేషన్ చేసే వైద్యుణ్ణి అడగండి. టెక్నీషియం శక్తి ఆరు గంటలకు సగానికి తగ్గుతుంది కాబట్టి ఇంటికి వచ్చాక రోగిని వేరుగా ఉంచనవసరం లేదు. గర్భం ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా ముందే చెప్పాలి.

మత్తు ఇచ్చాక అదే చోట నీలిరంగు కూడా ఎక్కించి, గామా ప్రోబ్ శబ్దాన్నీ నీలిరంగునూ ఆధారం చేసుకుని గ్రంథిని తీస్తారు. ఆ తరువాతే అరికాలిని వెడల్పుగా తీసే ఆపరేషన్, అదే మత్తులో. మూత్రం ఒకటి రెండు రోజులు ఆకుపచ్చగానో నీలంగానో వస్తే భయపడకండి.

నీలిరంగు విషయంలో రెండు హెచ్చరికలు. అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది కాబట్టి పాత అలర్జీలన్నీ చెప్పాలి. రెండోది కొరాపుట్, రాయగడ, మల్కనగిరి వంటి మలేరియా ప్రాంతాలవారికి మరీ ముఖ్యం: జి6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవారికి మిథిలిన్ బ్లూ (ఈ నీలిరంగుల్లో ఒకటి) ఇస్తే రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు. గతంలో మలేరియాకు ప్రైమాక్విన్ వేసుకున్నప్పుడు మూత్రం ముదురు రంగులో వచ్చి, కామెర్లు, నీరసం వచ్చి ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే, ఆ సంగతి చెప్పి ముందుగా రక్తపరీక్ష చేయించండి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో కూడా మిథిలిన్ బ్లూ కలవకూడదు. ఈ కబురు మీ నుంచి అందితే వేరే రంగునో, పచ్చరంగు ఫ్లోరెసెన్స్ పద్ధతినో ఎంచుకుంటారు.

గ్రంథిని ఆపరేషన్ టేబుల్ దగ్గరే గడ్డకట్టించి వెంటనే ఫలితం చెప్పే పద్ధతి మెలనోమాకు తగదు. ఆ తొందరలో చిన్న గుంపులు పోతాయి. పలు పొరలుగా కోసి, ఎస్-100, సాక్స్-10, మెలాన్-ఎ, హెచ్.ఎం.బి.-45 వంటి ప్రత్యేక రంగులతో చూడటానికి వారం పది రోజులు పట్టడం సహజం.

రిపోర్టు చేతికి వచ్చాక ఇవి వెతకండి: ఎన్ని గ్రంథులు తీశారు, ఎన్నింటిలో మెలనోమా ఉంది, అతి పెద్ద గుంపు ఎన్ని మిల్లీమీటర్లు, గ్రంథి పొరను దాటి బయటికి వచ్చిందా, ప్రత్యేక రంగులు వేశారా. ప్రత్యేక రంగులు వేయకుండా "లేదు" అని రాస్తే మళ్ళీ వేయించమని కోరడం మీ హక్కు. "ఉంది" అన్నప్పుడు కూడా ఒక జాగ్రత్త కావాలి: గ్రంథి పొరలో హాని చేయని పుట్టుమచ్చ కణాలు ఉండవచ్చు, రంగును మింగిన మామూలు కణాలు నల్లగా కనిపించవచ్చు. సందేహం ఉన్నచోట రెండో పాథాలజిస్టు చూడాలి.

ఫలితం మంచిదైనా నెలవారీ తనిఖీ మానకండి. సెంటినెల్ పరీక్ష తప్పిపోయి, తరువాత అదే గజ్జల్లో గడ్డ తేలే సందర్భాలు ఉన్నాయి.

8. పాకిందని తేలితే

ఒక్క గ్రంథిలో కాసింత కనిపించినా దాన్ని మూడో దశ అంటారు. ఒకటి, రెండు మూడు, నాలుగూ ఆపైన అన్న లెక్కను బట్టి అందులో మెట్లు ఉంటాయి. పూర్వం సెంటినెల్ గ్రంథిలో ఉంటే గజ్జల గ్రంథులన్నీ తీసేవారు. 2017లో వెలువడిన ఎం.ఎస్.ఎల్.టి.-2 అధ్యయనంలో అన్నీ తీసినవారిలోను, తీయకుండా అల్ట్రాసౌండ్‌తో గమనించినవారిలోను మూడేళ్ళ తరువాత మెలనోమా వల్ల చనిపోకుండా ఉన్నవారు సమానంగా 86 శాతం. కాలికో చేతికో నీరు చేరి వాపు నిలిచినవారు మాత్రం మొదటి వర్గంలో 24.1 శాతం, రెండో వర్గంలో 6.3 శాతం. అందుకే సెంటినెల్ పరీక్షలో మాత్రమే బయటపడినవారికి ఇప్పుడు అన్నీ తీయడం మామూలు పద్ధతి కాదు. బురదలో, గట్ల మీద రోజంతా నిలబడి పని చేసుకునే మనిషికి కాలువాపు ఎంత భారమో చెప్పనవసరం లేదు.

కాని ఈ మార్గానికి ఒక షరతు ఉంది. ఆ అధ్యయనంలో మొదటి రెండేళ్ళు నాలుగు నెలలకోసారి, తరువాత అయిదో ఏడు వరకు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి స్కానింగ్ చేశారు. వర్షాకాలంలో ఘాట్ దారులు తెగి, కూలి పోయి, తోడు వచ్చేవారు లేక మీరు రాలేని పరిస్థితి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి. దగ్గర ఊళ్ళో స్కానింగ్ చేయించి బొమ్మలు పంపే ఏర్పాటు సాధ్యమేమో అడగండి. ఏదీ కుదరదంటే వైద్యుడు వేరే నిర్ణయం తీసుకోవచ్చు, అది తప్పు కాదు.

పెట్-సీటీ స్కాన్ (చక్కెరను ఎక్కువగా పీల్చే చోట్లు వెలిగి కనిపించే పరీక్ష) వంతు వచ్చేది ఇప్పుడే. గ్రంథులకు పాకిందని తేలినవారిలో ఊపిరితిత్తులు, కాలేయం వంటి చోట్ల ఇంకేమైనా ఉందా చూడటానికి దాన్ని, అవసరమైతే మెదడుకు ఎం.ఆర్.ఐ.ని చేయిస్తారు. బిళ్ళ తగలని మనిషికి మొదటే పెట్-సీటీ చేయించి, "ఎక్కడా వెలగలేదు, పాకలేదు" అని నిశ్చింతగా ఉండటం మన ప్రాంతంలో తరచు చూస్తున్న పొరపాటు. సెంటినెల్ పరీక్షకు అది బదులు కాదు. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. క్షయ, మానని పుండు, ఇటీవలి ఆపరేషన్ గాయం ఇవన్నీ అందులో వెలుగుతాయి. వెలిగిన ప్రతి చోటూ క్యాన్సర్ కాదు. చికిత్స మారేంత ముఖ్యమైన చోటైతే ముక్క తీసి చూశాకే నమ్మాలి. పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, చక్కెర జబ్బు ఉంటే మందుల వేళలు ముందే అడగాలి. మందుల ఎంపిక కోసం గడ్డ ముక్క మీద బి.ఆర్.ఎ.ఎఫ్. అనే జన్యువులో మార్పు ఉందా చూసే పరీక్ష కూడా రాస్తారు. అరికాలి మెలనోమాలో ఆ మార్పు తక్కువమందిలోనే ఉంటుంది, కె.ఐ.టి. అనే మరో జన్యువులో మార్పు కోసం కూడా చూస్తారు. ఈ పరీక్షకు బ్లాకులే కావాలి.

9. తరువాతి తనిఖీలు

ప్రతి స్కానింగ్‌కు పాత ఫిల్ములు తీసుకువెళ్ళి, "పోయినసారితో పోల్చి రాయండి" అని అడగండి. పోలిక లేని రిపోర్టుకు సగం విలువే. వీలైనంత వరకు ఒకే చోట, ఒకే వైద్యుని చేత చేయించుకోండి. ఆపరేషన్ జరిగిన మొదటి రెండు నెలల్లో గజ్జల్లో నీరు చేరిన మెత్తని వాపు, కుట్ల కింద గట్టితనం ఉండవచ్చు, ఇవి గ్రంథులు కావు. స్కానింగ్ చేసేవారికి ఆపరేషన్ తేదీ చెప్తే వారు తేడా గుర్తిస్తారు. పాదాల పగుళ్ళు, ఒరుపులు మానేలా చూసుకుని, పొలానికి చెప్పులు వేసుకుని వెళ్ళడం అలవాటు చేసుకుంటే అనవసరపు బిళ్ళలు తగ్గుతాయి, అసలైనది త్వరగా కనబడుతుంది.

తేదీ వచ్చేదాకా ఆగకూడని సందర్భాలు: గాటు చుట్టూ కొత్త నల్లమచ్చ లేదా గింజ; గాటుకూ గజ్జలకూ మధ్య చర్మం కింద గడ్డ; నోటుపుస్తకంలో రాసుకున్న బిళ్ళ పెరగడం; కాలు హఠాత్తుగా వాచి ఎర్రబడి జ్వరం రావడం; ఆగని తలనొప్పి, మూర్ఛ, ఆయాసం. వీటిలో మొదటి మూడింటికి వారంలోగా, మిగిలినవాటికి ఆ రోజే దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి, మెలనోమాకు చికిత్స జరిగిందని నోటితో చెప్పడమే కాక పాత రిపోర్టు నకలు ఒకటి వారి చేతికి ఇవ్వండి.